జేజి శేరు, నాయన చీటీలు

మొన్న అమ్మ సంవత్సరీకానికి ఊరికి వెళ్ళాం. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం నుంచి ఆటోలో అరగంట దారి. వంటకు పెద్ద గిన్నెలు కావాల్సి వచ్చి, నాలుగైదేళ్ళుగా తెరవని కాయల రూము తాళం తీశాను. తలుపు తోసీ తోయకముందే వాసన ముఖానికి కొట్టింది. పాత గోనెసంచులు, వేరుశనగ పొట్టు దుమ్ము, ఎలుకల కంపు, అన్నిటికీ అడుగున ఇంకా వదలని బీహెచ్‌సీ అనే పురుగుమందు పొడి వాసన. నా భార్య ముక్కు మూసుకుని బయటికి వెళ్ళిపోయింది. నేను మాత్రం చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆ పొడిని 1997లో దేశమంతా నిషేధించారని ఆ తర్వాతెప్పుడో చదివాను. మా ఇంట్లో దాన్ని మూటల మీద పసుపు చల్లినట్టు చల్లేవాళ్ళు. చేనులో ఎర్ర గొంగళిపురుగు పడితే అక్కడా అదే. పాత పంచె గుడ్డలో మూటగట్టి, కర్రతో తట్టుకుంటూ సాళ్ళ వెంబడి నడిచేవాళ్ళం. ఇంటికొచ్చి అదే చేత్తో సంగటి తినేవాళ్ళం. చెయ్యి కడుక్కునేవాళ్ళమే లెండి, సబ్బుతో మాత్రం కాదు.

గిన్నెల వెనక రెండు వస్తువులు కనబడ్డాయి. ఒకటి మా జేజి, అంటే నాయనమ్మ, గింజలు కొలిచే ఇనుప శేరు, అడుగున సొట్టపడింది. రెండోది గోడ మేకుకు వేలాడుతున్న కమ్మి, దానికి గుచ్చిన మండీ చీటీలు. కింది చీటీలను చెదలు తినేశాయి. పైవి ఇంకా చదవడానికి వస్తున్నాయి.

మా వైపు వేరుశనగను బుడ్డలంటాం. అమ్మకం మాట వచ్చినప్పుడు కాయలంటాం. "ఈసారి కాయ ఎట్లుందప్పా?" అని అడిగితే మామిడికాయో చింతకాయో అనుకునేవాడు మా ఊళ్ళో లేడు.

* * *

జేజి కాలానికే బుడ్డలు మా ఊళ్ళో ఉన్నాయి. ఎక్కడో తమిళనాడులో తిండివనంలో తయారై 1940లో విడుదలైన టీఎంవీ-2 రకం మా పొలాల్లో దశాబ్దాల పాటు పండింది. కానీ మొదట్లో బుడ్డలు చేనులో ఒక పక్కకు ఉండేవి. మిగతాదంతా కొర్ర, జొన్న, సద్ద, ఆరిక. గట్ల మీద ఆముదం చెట్లు.

కళ్ళం నుంచి గింజలు ఇల్లు చేరాయంటే మగవాళ్ళ పెత్తనం అక్కడికి సరి. ఆ తర్వాత గాదె జేజిది, శేరు జేజిది. రోజూ వంటకు ఎన్ని, కూలోళ్ళకు ఎన్ని, కమ్మరికీ వడ్రంగికీ ఇచ్చే మేర ఎంత, పెళ్ళై పోయిన మేనత్తలకు పండక్కి ఎంత పంపాలి, అంతా ఆమె నోటిలెక్క. కొలిచేటప్పుడు మొదటి శేరును ఒకటి అనేది కాదు, "లాభం" అనేది. తర్వాత రెండు, మూడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పకుండా, అదే అంకె పదిసార్లు అనుకుంటూ ఉండేది. "నాలుగు నాలుగు నాలుగు" అంటూ కళ్ళతోనే కూర్చోమనేది.

నాయనకు డబ్బు కావాలంటే జేజిని అడగాల్సిందే. "అమ్మా, రెండు తూములు కొర్రలియ్యి, సంతకు ఏసకపోతా." ఆమె వెంటనే ఇచ్చేది కాదు. ఎందుకు, దేనికి, ఎవరితో పోతున్నావు, అన్నీ అడిగేది. మీసాలొచ్చిన కొడుకు గుమ్మంలో నిలబడి అన్నిటికీ జవాబు చెప్పడం నాకు తమాషాగా ఉండేది.

* * *

గాదె ఒక్కరోజులో ఖాళీ కాలేదు. సాలు సాలుగా ఖాళీ అయ్యింది.

బుడ్డలు విత్తేటప్పుడు మధ్యలో కందిసాలు వేయాలని జేజి పట్టు. అలసంద, అనుము కూడా కాసిన్ని కలపమనేది. గొర్రు వెనక జడ్డిగం అనే చెక్క గిన్నెలో విత్తనం వదిలేది మా మేనత్తలూ అమ్మా. గొర్రుకు ఒక పక్కన కట్టిన గొట్టంలో కందులు వదలడం చిన్నపిల్లల పని. నేనూ వదిలాను. కునికిపాటు పడితే అక్కడ సాలు బోసిపోయేది. మొలక వచ్చాక అందరికీ తెలిసిపోయేది వీడు ఎక్కడ నిద్రపోయాడో.

ముందు కొర్ర మడి ఒకటి బుడ్డలకు పోయింది. మరుసటేడు జొన్న. ధర బాగుందన్నారు. ఎన్టీఆర్ 1983లో కిలో రెండు రూపాయలకే బియ్యం ఇచ్చాక, కొర్రలు దంచుకునే ఓపిక ఊళ్ళో ఆడవాళ్ళకెవరికీ లేకపోయింది. వాళ్ళనేమనగలం, రోకలి పట్టింది వాళ్ళు కదా. వరన్నం తినాలని మాకూ ఆశే. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టింది. రేడియోలో పొలం కబుర్లన్నీ నూనెగింజల చుట్టూనే తిరిగేవి. ఒక దశలో జిల్లాలో ఎనిమిది లక్షల హెక్టార్ల దాకా బుడ్డలే. రాయదుర్గం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఆకుపచ్చ దుప్పటి పరిచినట్టు గంటల తరబడి అదే పైరు. అది చూసి నేను గర్వపడ్డవాణ్ణే.

జేజి మాత్రం ఒకే మాట అనేది. "కొర్రలైతే ఇంత దోసిలి విత్తనం చాలు రా. దీనికి మూటలు మూటలు కావల్లంట."

అప్పుడు అది ముసలావిడ సణుగుడనుకున్నాం. ఇప్పుడు చూస్తే అసలు సంగతంతా ఆ మాటలోనే ఉంది. ఎకరా కొర్రకు రెండు కిలోల విత్తనం చాలు. ఎంత కరువొచ్చినా కుండలో అంత మిగులుతుంది. ఎకరా బుడ్డలకు నలభై కిలోలకు పైగా పప్పు కావాలి, కాయల్లో అయితే ఇంకా ఎక్కువ. ఒక్క ఏడాది పంట పోతే విత్తనమూ పోయినట్టే. ఎవరో ఒకరి దగ్గర చెయ్యి చాచాలి. మా జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ దాని ఇష్టం వచ్చినప్పుడు. పూత నుంచి ఊడలు నేలలోకి దిగే సమయానికి ఒక్క పదును వాన తప్పితే ఆకు పచ్చగానే ఉంటుంది, పెరికి చూస్తే కింద ఏమీ ఉండదు.

* * *

రోహిణి ఎండల్లో విత్తనం కాయలు వలిచేవాళ్ళు. మిషన్లో ఆడిస్తే పప్పు బద్దలవుతుంది, పై పొర చిట్లినా మొలక సరిగా రాదు. అందుకని విత్తనానికి చేత్తోనే వలవాలి. మధ్యాహ్నం సంగటి తిని వీధిలో ఆడవాళ్ళు ఎవరి చాట వాళ్ళు తెచ్చుకుని మా వసారాలో చేరేవాళ్ళు. కాయల మీద కాసిన్ని నీళ్ళు చిలకరించి గోనెపట్ట కప్పేవాళ్ళు, తొక్క మెత్తబడడానికి. ఇక సాయంత్రం దాకా టప్ టప్ టప్. ముప్పై చేతులు ఒకేసారి నొక్కుతుంటే రేకుల మీద సన్న జల్లు పడ్డట్టుండేది. మా ఊళ్ళో వానకు ముందు వినబడే వాన చప్పుడు అదే.

రెండో రోజుకే బొటనవేలు మీద తోలు లేచేది. గుడ్డపీలిక చుట్టుకుని వలిచేవాళ్ళు. పిల్లలు తినకుండా చూడటం ఒకరి డ్యూటీ. వాళ్ళే ఎక్కువ తినేవాళ్ళు. ఎవరి కోడలు ఎందుకు పుట్టింటికి పోయింది, ఎవరి బోరు ఎండిపోయింది, అన్నీ అక్కడే తేలేవి. పొట్టు నీళ్ళపొయ్యికి వెళ్ళేది. భగ్గున మండి అంతలోనే ఆరిపోయే మంట. ఆ రోజుల్లో మా స్నానాలన్నీ తొందర తొందరగానే.

సాయంత్రం జేజి శేరు తీసుకుని కూర్చునేది. కూలి శేరు లెక్కన. "లాభం, రెండు, మూడు..." పప్పు కొలిచి, ముక్కలు వేరుచేసి, ఎవరికెంతో చెప్పేది. ముక్కలు వలిచినవాళ్ళకే.

ఆ డబ్బు వాళ్ళ కొంగుముడిలోకి పోయేది, మొగుళ్ళు కూడా పెద్దగా అడిగేవాళ్ళు కారు. కొర్ర పండినన్నాళ్ళూ కూలికి గింజలే తప్ప, ఆడమనిషి చేతికి రూపాయి నోటు రావడం అరుదు. బుడ్డలు మా జేజి గాదె ఖాళీ చేశాయని నేను బాధపడుతుంటే, పక్కింటి అత్త ఒకసారి నవ్వింది. "నీకేమప్పా, గాదె ఉన్నోళ్ళ బాధ అది. మాకు గాదె యాడుండె?" దానికి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు.

* * *

కాయలు పెరికే కాలంలో ఊళ్ళో డబ్బు కన్నా బుడ్డలే ఎక్కువ చెల్లేవి. ఐస్‌ఫ్రూట్ అతను సైకిల్ మీద వచ్చేవాడు, ముందు ఐసు పెట్టె, వెనక ఖాళీ గోనెసంచి. దోసెడు బుడ్డలకు ఒక ఐసు. వచ్చేటప్పుడు పెట్టె బరువు, పోయేటప్పుడు సంచి బరువు. మిగతా ఏడాదంతా మా ఊరి ముఖం చూసేవాడు కాదు.

అమ్మకూ ఒక రహస్య ఖాతా ఉండేది. కళ్ళంలో కుప్ప నుంచి మూటలకు ఎత్తేటప్పుడు చాటెడు కాయలు పక్కకు తీసి వంటింట్లో కుండలో దాచేది. ఇష్టారాజ్యం కాదు, దానికొక ధర్మం ఉంది. "మూట కుట్టకముందు తీస్తే మనది. కుట్టినంక తీస్తే దొంగతనం." ఆ కుండే మా పలకలు, చెల్లెలి రిబ్బన్లు, ఒకసారి నాకు తిరుపతి మొక్కు ఛార్జీలు.

ఎందుకంటే అప్పటికి అమ్మ డబ్బు అడిగేది జేజిని కాదు, నాయనను. శేరు మూల పడింది. మూటకు సూది, దబ్బనం, పురికొస వచ్చాయి. మూటలు మండీకి పోయేవి, మండీ నుంచి చీటీ వచ్చేది, చీటీ నాయన జేబులో ఉండేది. జేజి గుమ్మంలో కూర్చుని "ఎంతొచ్చె రా?" అని అడిగితే, "వచ్చె లేమ్మా" అనేవాడు. అంతే జవాబు.

* * *

మండీకి రెండుసార్లు నాయనతో పోయాను. మాకు అప్పు లేని ఏడాది చళ్ళకెర, అప్పున్న ఏడాది దగ్గరి మండీ. మా లెక్క అది. చళ్ళకెర కర్ణాటకలో ఉంది, నూనె మిల్లుల ఊరు. రాత్రి లారీలో మూటల మీద పడుకుని పోవాలి. చలి, కాయల వెచ్చదనం, పైన చుక్కలు. తెల్లారేసరికి గాలంతా నూనె వాసన. అక్కడ నాయన కన్నడంలో మాట్లాడేవాడు. కన్నడంలో మాట్లాడే నాయన నాకు వేరే మనిషిలా కనబడ్డాడు, కొంచెం వంగి, కొంచెం ఎక్కువ నవ్వుతూ.

దగ్గరి మండీలో అయితే నవ్వాల్సిన పని కూడా లేదు. మండీ వ్యాపారి విత్తనానికి ముందే డబ్బిచ్చి ఉంటాడు కాబట్టి కాయలు ఆయనకే వెయ్యాలి, ధర ఆయనే చెప్పాలి. మనిషి చెడ్డవాడు కాదు, టీ తెప్పించేవాడు, నా చదువు అడిగేవాడు. మచ్చు తీసే తీరు మాత్రం నాకింకా కళ్ళ ముందుంది. బొంగు గొట్టం లాంటి ఇనుప మేకును మూట పక్కలోకి పొడిచి పిడికెడు కాయలు లాగేవాడు. ఒక కాయను చెవి దగ్గర ఊపి గలగల వినేవాడు. బొటనగోటితో చిట్లించి పప్పును అరచేతిలో దొర్లించేవాడు. ఒక గింజ నోట్లో వేసుకుని, ముఖం ఏమీ మారకుండా నమిలేవాడు. ఆ నమిలే అర నిమిషం నాయన ఆయన దవడల వంకే చూస్తూ ఉండేవాడు. ఏడాది కష్టం ఆ దవడల మధ్య ఉంది మరి. మచ్చుకు తీసిన కాయలు ఎప్పుడూ తిరిగి మూటలోకి పోలేదు.

తర్వాత కాటా. అక్కడెవరూ లాభం అనలేదు, కిలోలు చదివారు.

మొన్న కమ్మి మీద చదవగలిగిన ఒక చీటీ ఇలా ఉంది. కాయలు 31 మూటలు. కింద తరుగు, హమాలీ, కాటా కూలి, కమీషన్, దేవుడి ఖాతా, గోనెసంచులు, విత్తనం బాకీ, వడ్డీ. ఒక అడ్డగీత. దాని కింద 212 రూపాయలు. ఆ రోజు నాయన నాకు హోటల్లో మసాలా దోసె పెట్టించి, తను టీ తాగాడు. ఆకలి లేదన్నాడు. నేను నమ్మాను.

* * *

మంచి ఏడాదులూ వచ్చాయి, అబద్ధమెందుకు. కడప రేడియో కేంద్రంలో ధరలు చెబుతుంటే రచ్చకట్ట దగ్గర మాటలు ఆగిపోయేవి. అట్లాంటి రెండు ఏడాదుల్లోనే మా మట్టి మిద్దె పోయి సిమెంటు మిద్దె వచ్చింది. అక్క పెళ్ళయింది. అనంతపురంలో నా కాలేజీ ఫీజు, హాస్టల్ బిల్లు బుడ్డలే కట్టాయి. కాయలు తీశాక మిగిలిన బుడ్డల కట్టె తిని ఎద్దులు నిగనిగలాడేవి, దాన్ని మించిన మేత లేదు. ఇదంతా రాసే చదువు నాకు ఆ పంట పెట్టిన భిక్షే.

సిమెంటు మిద్దెలో గాదెకు చోటు పెట్టలేదు. ప్లాన్ గీసిన మేస్త్రీ అడిగాడు కూడా. నాయన ఒక్క క్షణం ఆలోచించి, "ఎందుకు లే, కాయలకు ఒక రూము పెట్టు" అన్నాడు. జేజి అప్పుడు వసారాలోనే ఉంది. ఏమీ అనలేదు. ఆ పైన రెండేళ్ళకు పోయింది.

తర్వాత పామాయిల్ వచ్చింది. 1994లో దిగుమతికి తలుపులు తెరిచారు. అప్పటిదాకా మాకు ఊరి గానుగ నూనె, ఎర్రగా, చిక్కగా. పోనుపోను అమ్మ కూడా పామాయిల్ ప్యాకెట్ తెచ్చింది. మన నూనె పోసి వండితే ఖరీదు, అమ్ముకుంటే నాలుగు డబ్బులని లెక్క. పాతిక మూటల కాయలున్న ఇంట్లో పామాయిల్‌తో పోపు.

* * *

2000 సంవత్సరం ఖరీఫ్. అప్పటికి నేను ఉద్యోగంలో ఉన్నాను. వినాయక చవితికి ఊరికెళ్తే చేను చూసి రమ్మంది అమ్మ. చిగుళ్ళు కాలినట్టు నల్లబడి, మొక్కకు మొక్క ఒరిగిపోయి ఉంది. దిష్టి అన్నారు, మందు కల్తీ అన్నారు. పొగాకును పట్టే ఒక వైరస్ అట, వయ్యారిభామ పుప్పొడితో, తామర పురుగులతో వ్యాపించిందట. శాస్త్రవేత్తలు తేల్చింది అది. జిల్లాలో రెండు లక్షల పాతికవేల హెక్టార్లకు తగిలింది, నష్టం 300 కోట్లు దాటింది. గట్ల మీద తెల్లపూలతో నవ్వుతుండే ఆ కలుపు మొక్కను అంతవరకు ఎవరూ లెక్కచేయలేదు. కొర్ర, జొన్న కూడా కలిసి ఉంటే ఊరంతా ఒకే రోగానికి పడిపోయేదా అని నాకు ఇప్పటికీ అనుమానమే. వ్యవసాయాధికారిని కాను, పట్టించుకోకండి.

ఆ తర్వాత మా వీధిలో ఒక ఇల్లు మూతబడింది. దాని గురించి ఇంతకు మించి రాయలేను.

విత్తనం కోసం సబ్సిడీ క్యూలు కూడా ఆ ఏళ్ళవే. రాత్రే పోయి వరుసలో చెప్పులు పెట్టి వచ్చేవాళ్ళు. చెప్పుల మీద రాయి, రాయి కింద పాస్‌బుక్ జిరాక్స్. ఒకసారి నాయన బదులు నేను నిలబడ్డాను. నా ముందు ఒక జత చెప్పులు, నా వెనక ఒక జత చెప్పులు. పదకొండు గంటలకు స్టాకు అయిపోయిందన్నారు.

* * *

ఇప్పుడు మా పొలం గుత్తకిచ్చాం. బెంగళూరులో ఉండే ఒకాయన దానిమ్మ వేశాడు. చుట్టూ కంచె, డ్రిప్పు పైపులు, గేటుకు తాళం. అవతలి చేనులో చీనీ, అంటే బత్తాయి. నాయనకు కళ్ళు సరిగా కనబడవు. కంచె దాకా నడిచి, పట్టుకుని నిలబడి, తిరిగి వస్తాడు. మొన్న చీటీల కమ్మి చూపిస్తే, చేత్తో తడిమి, "చెదలు మంచి పనే చేసినాయి" అన్నాడు.

సంవత్సరీకానికి అమ్మకిష్టమైన ఊరుబిండి, బుడ్డల పచ్చడి, చెయ్యాలంది చిన్నమ్మ. ఇంట్లో బుడ్డలు లేవు. వీధిలో నాలుగిళ్ళు అడిగితే వాళ్ళ దగ్గరా లేవు. మా తమ్ముడు బండి మీద కళ్యాణదుర్గం పోయి కిలో ప్యాకెట్ తెచ్చాడు, సూపర్ మార్కెట్ స్టిక్కర్‌తో.

చిన్నమ్మ అప్పటికే జేజి శేరును చింతపండు పెట్టి తోమి ఆరబెట్టింది. ప్యాకెట్ మూల పళ్ళతో చించి శేరులోకి వంచింది. అంచు దాకా నిండాక చేత్తో పైన సమం చేసి, "లాభం" అంటూ బాణలిలో పోసింది. మిగిలినవి మళ్ళీ శేరులోకి వంచింది. సగానికే వచ్చాయి. వాటిని తిరిగి ప్యాకెట్లో పోసి, మూతి మడిచి రబ్బర్ బ్యాండ్ వేసింది.